చివరి చరణంలో పేరు

మా వీరబ్రహ్మం మావయ్య రాసిన పాట యూట్యూబ్‌లో దుమ్ము లేపుతోంది. కింద 'రచన: కీర్తిశేషులు పేరయ్య' అని వేశారు.

పేరయ్యది నిజాంపట్నం వైపు. పడవల యజమాని. జీవితంలో ఒక్క పాట రాయలేదు. కొత్త పడవ నీళ్ళలోకి దింపే రోజు పాడించుకోవాలని మావయ్య చేత రాయించుకున్నాడు, అంతే. నేను పుట్టకముందు సంగతి.

మావయ్యది తెనాలి. నాటకాలకి హార్మోనీ వాయించాడు, నాటకాలు తగ్గాక పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించాడు. మధ్యలో అడిగినవాళ్ళకల్లా పాట కట్టిచ్చాడు. పడవలకీ, ఓణీల ఫంక్షన్లకీ, ఎలక్షన్లకీ. పాట కట్టించుకున్నవాళ్ళ పేరు చివరి చరణంలో పెట్టడం ఆయన పద్ధతి. ఆ పేరు దగ్గర జనం చప్పట్లు కొట్టాలి, లేకపోతే పాట పోయినట్టే.

బాపట్లలో జానపదాల చానల్ నడిపే శ్యామ్ అనే అబ్బాయి ఈ పాటని సూర్యలంకలో విన్నాడు. కీర్తనల్లో చివర వచ్చే పేరు రాసినవాళ్ళది కదా, ఇదీ అంతే అనుకున్నాడు. ఆ లెక్కన మా వీధిలో గాజుల కొట్టు ప్రమీలారాణిగారూ, ఎప్పుడు నిలబడినా ఓడిపోయే మా వార్డు కేండిడేటూ కూడా మహాకవులే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు కనిపిస్తే ఎవరో ఒకరికి చెప్పేదాకా నాకు కాలు నిలవదు. వీడియో కింద కామెంట్ పెట్టాను. "ప్రూఫ్ ఉందా సిస్టర్?" అని శ్యామ్ జవాబు.

ఈలోపు రేపల్లెలో పేరయ్య సంస్మరణ సభ పెట్టారు. కీబోర్డు వాయించడానికి ఎవర్ని పిలిచారంటే, మావయ్యని.

"వెళ్ళకు మావయ్యా," అన్నాను.

"నేను పోకపోతే ఇంకెవడో వచ్చి ఆ పాటని పాడుచేస్తాడే."

"మరి స్టేజీ మీద చెప్తావా, రాసింది నువ్వేనని?"

"చెప్తా. ఒక్కసారి మైకులో నా పేరు వినాలని నాకు మాత్రం ఉండదా శిల్పా?"

రేపల్లె పాసింజర్లో ఆయన కూర్చుంటేగా. జంపని దాకా కిటికీ దగ్గర, వేమూరు దాకా తలుపు దగ్గర. వేళ్ళు మాత్రం ఏది దొరికితే దాని మీద దరువేస్తూనే ఉన్నాయి. కీబోర్డు సంచి అయింది, కిటికీ చువ్వ అయింది, ఆఖరికి వేరుశెనక్కాయలమ్మే కొండమ్మ బుట్ట మీదికి వెళ్ళాయి.

"బాబూ, నా బుట్ట వదులు. కాయలు ఒలికిపోతున్నాయ్," అందామె.

భట్టిప్రోలులో దిగిపోయి వెనక్కి వెళ్ళిపోదామన్నాడు. నేను సంచీ లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను.

కల్యాణమండపం ముందు ఫ్లెక్సీలో పేరయ్య చేతికి పెన్ను ఉంది. ఆ చెయ్యి ఆయనది కాదని ఎవరికైనా తెలుస్తుంది, వేళ్ళకి గోళ్ళరంగు ఉంది. లోపల ముందు వరసలో ఆయన భార్య వెంకాయమ్మగారు. శ్యామ్ కెమెరా పెట్టుకుని ఓ మూల నిలబడ్డాడు. పేరయ్య మనవడు యశ్వంత్ మైకు తీసుకున్నాడు.

"మా తాతగారు నడిసముద్రంలో, వెన్నెల్లో కూర్చుని రాసిన..."

"మీ తాత రాశాడా?" వెంకాయమ్మగారికి మైకు అక్కర్లేదు. "ఒరేయ్, ఆయన బేంకులో వేలిముద్రేసేవోడు!"

హాలంతా ఒకటే నవ్వు.

"పాట కట్టింది తెనాలి హార్మోనీ అబ్బాయి. మా వాకిట్లో చేపల పులుసు తిని కట్టాడు." ఆవిడ కళ్ళు చిట్లించి స్టేజీ వైపు చూసింది. మావయ్య వేళ్ళు కుర్చీ చేతి మీద ఆడుతున్నాయి. "ఇదుగో, ఈయనే! జుట్టు పోయింది గానీ ఆ వేళ్ళు చూడండి, అప్పుడూ అంతే. నీ పేరేంటి బాబూ? ఆ రోజు అడగనే లేదు."

యశ్వంత్ మొహం మాడ్చుకుని మావయ్యకి మైకు ఇచ్చాడు. చెప్పు మావయ్యా అని నేను కింద నుంచి సైగ చేశాను. ఆయన "పాటలో చెప్తానండి," అని కీబోర్డు మీద చేతులు పెట్టాడు.

ఉప్పుగాలి ఊపుతుంటే ఊరుకోదు నా పడవ, ఒడ్డునుండదు నా పడవ. హాలంతా గొంతు కలిపింది. చివరి చరణం వచ్చింది.

"అలనడిగీ దారి తెచ్చె, అదిగో మన వీర..."

"పేరయ్య!" అని జనం చప్పట్లు కొట్టేశారు. "...బ్రహ్మం" చప్పట్లు దాటి బయటపడి, దిక్కులేకుండా పోయింది. మావయ్య మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అంతే. ఎవరెవరి పేర్లో ఇమిడ్చినవాడికి తన పేరు ఆ జాగాలో ఇమడలేదు.

"ఏంటయ్యా, నీ పాటలో నీ పేరు పట్టలేదా?" అంది వెంకాయమ్మగారు.

"పట్టలేదండి పిన్నిగారూ. ఇది మీ ఆయన కొలతకి కుట్టింది."

"అయితే ఆయనకే వదిలెయ్. నీ కొలతకి ఇంకోటి కుట్టుకో."

మావయ్య కీబోర్డు సంచిలో తోసేసి, కప్పబోయిన శాలువాకి కూడా ఆగకుండా మెట్లు దిగేశాడు. శ్యామ్ నా వెనకాల పరుగెత్తుకొచ్చాడు.

"సిస్టర్, ప్రూఫ్ దొరికింది. కానీ ఆయన పేరు క్లియర్‌గా వినపడలేదు. ఇంకోసారి చెప్పించరా?"

"ఆగు బాబూ, ఇంకా కుదర్లేదు," అన్నాడు మావయ్య, నడుస్తూనే.

తిరుగు పాసింజర్లో మళ్ళీ అదే వరస. కిటికీ, తలుపు, కిటికీ. పెదవులు కదులుతున్నాయి. "ఏమే, నాకు పడవలూ అలలూ నప్పవు. నాకేం నప్పుద్ది?"

"రైలు," అన్నాను, కూర్చుంటాడేమోనని.

అంతే, చెయ్యి దరువుకి వెతుక్కుంది. ఎదురుగా కొండమ్మ. కాయలన్నీ అమ్ముకుని వెనక్కి వెళ్తోంది. కాసేపు ఆయన అవస్థ చూసి బుట్ట బోర్లించి ముందుకు తోసింది.

"తీసుకో. ఇప్పుడు ఖాళీయేగా."

మావయ్య కూలబడి దరువందుకున్నాడు. రైలు చప్పుడుకి ఒక మాట, ఆగి ఇంకో మాట.

"ఎవరి మీద బాబూ పాట?" అంది కొండమ్మ.

"నా మీదేనండి."

"అయితే గట్టిగా పాడు. ఈ రైల్లో ఏదీ వినపడి చావదు."