మొగిలయ్య కాళ్ల కింది గడ్డి

మల్లాపూర్‌లో మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీకి మొగిలయ్య వాచ్‌మన్. పొద్దున ఆరింటికి వచ్చి సాయంత్రం ఆరింటిదాకా గేటు ముందు నిలబడేవాడు. అతను నిలబడ్డచోట అరికాళ్లలోంచి నీళ్లు ఊరేవి. పుట్టినప్పటినుంచీ అంతే. టీకొట్టులో అతనికోసం ఒక గోనెసంచి పరిచేవాళ్లు. బస్సులో కండక్టరు వెనక తలుపు దగ్గర నిలబడమనేవాడు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

గేటు ముందు నేల ఎండాకాలంలోనూ చిత్తడిగా ఉండి, మోకాలెత్తు గడ్డి మొలిచింది. భార్య కౌసల్యమ్మ దాన్ని కోసుకెళ్లి నాచారంలో మేకలకు వేసేది.

ఒకరోజు ఆటో చెడిపోయి త్రిపురసుందరి అక్కడ దిగింది. ఆమె ఉప్పల్‌లో ఒక కాలేజీలో బోటనీ చెబుతుంది. కాకినాడ నుంచి వచ్చి పదకొండేళ్లయినా ఇంకా కాంట్రాక్టు ఉద్యోగమే. గడ్డి కంకి తుంచి చూసి, ఆమె వెంటనే ఫోన్లో ఫొటోలు తీసుకుంది. సముద్రం పక్కన ఒకే ఒక్క మడుగులో తప్ప ఆ గడ్డి అప్పటిదాకా ఇంకెక్కడా దొరకలేదు.

ఆమె రాసిన ఉత్తరంతో నెల తిరిగేలోగా అధికారులు గడ్డి చుట్టూ కంచె వేశారు. లోపల అడుగుపెట్టరాదు, ఒక్క మొక్కనూ పీకరాదు అని బోర్డు పెట్టారు. మొగిలయ్యను ఇంటికి పొమ్మన్నారు.

పదిరోజుల్లో గడ్డి ఎండిపోసాగింది. ట్యాంకరు నీళ్లు పోసినా లేవలేదు. పరిశీలనకు ఢిల్లీ కమిటీ వచ్చే వారమే వస్తుంది. టీకొట్టులో మొగిలయ్య కాళ్ల సంగతి విని త్రిపురసుందరి నాచారం వెళ్లి అతని ఇల్లు వెతికి పట్టుకుంది.

“కమిటీ వచ్చి వెళ్లేదాకా నిలబడండి. మీ ఉద్యోగం మీకు ఇప్పిస్తాను. కాకపోతే రాత్రిళ్లు కూడా ఉండాలి.”

“నిలవడుడు నాకు అలవాటే మేడమ్,” అన్నాడు మొగిలయ్య.

కౌసల్యమ్మ మేకను కట్టేస్తూ ఆగింది. “రాత్రీపగలు గట్లనే నిలవడితె మనిషి ఏం గావాలె? జర కూసునేటందుకు కుర్చీ అన్న ఇయ్యరాదు?”

“కూర్చుంటే నీళ్లు రావు కదమ్మా.”

మూడోరోజుకు గడ్డి పచ్చబడింది. ఐదోరోజు మొగిలయ్య ఆమెను పిలిచాడు. “మేడమ్, కాళ్లల్ల ఏందో పాకుతున్నట్టుంది.”

త్రిపురసుందరి వంగి బురద పక్కకు తీసింది. సన్నటి తెల్లటి గడ్డి వేళ్లు అతని మడమల్లోకి దిగి ఉన్నాయి. కాసేపు చూసింది. మళ్లీ బురద కప్పేసింది.

“ఏం లేదు, తిమ్మిరెక్కాయంతే.”

కమిటీ వచ్చింది, మెచ్చుకుంది. ఆ మధ్యాహ్నం కౌసల్యమ్మ మొగుణ్ణి తీసుకుపోదామని చెయ్యి పట్టి లాగింది. అతను కదల్లేకపోయాడు. బురద తీసి వేళ్లు చూసి, ఆమె కమిటీ పెద్ద ఫణీంద్ర దగ్గరికి పరుగెత్తింది.

“సార్, ఆ వేళ్లు కోసెయ్యమనున్రి.”

ఫణీంద్ర మోకాళ్ల మీద కూర్చుని భూతద్దంతో చూశాడు. “ఒక్క వేరు తెగినా మొత్తం చచ్చిపోతుందమ్మా,” అన్నాడు. తర్వాత త్రిపురసుందరి వైపు తిరిగాడు. “మీకు ముందే తెలుసా?”

“లేదండీ,” అందామె.

రిపోర్టులో గడ్డి ఆవాసం అన్నచోట మొగిలయ్య వయసూ ఎత్తూ రాసుకున్నారు. జూన్‌లో త్రిపురసుందరి ఉద్యోగం పర్మనెంటయింది.

కౌసల్యమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తెస్తుంది. కొత్త వాచ్‌మన్ ఆమెను కంచెదాకానే రానిస్తాడు. ఆమె పొడుగాటి కట్టెకు గంటె కట్టుకుంది. మొగిలయ్య వంగగలిగినంత ముందుకు వంగి నోరు తెరుస్తాడు. సగం అన్నం గడ్డిలో పడుతుంది.