రెండు నలభై ఎనిమిదులు

శెంగోడన్ తమిళ బొమ్మల కథలు మొత్తం నూటపది సంచికలు. మదురైలోని మా ప్రచురణ ఆఫీసు వాటిని పెద్ద సంపుటాలుగా వేయబోతోంది. వాటిలో ఏది అసలు కథ, ఏది కాదు అని తేల్చి జాబితా రాసే పని నాకు అప్పగించారు. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఇచ్చిన పని చెప్పినట్టు చేయడమే నాకు తెలుసు. మూడు రోజుల్లో అయిపోతుందనుకున్నాను. నలభై ఎనిమిదో సంచిక దగ్గర ఆగిపోయింది.

తెలియనివాళ్ళ కోసం కథ చెప్తాను. శెంగోడన్ గూడ్సు రైలు గార్డు. రైలెక్కిన దొంగలను పట్టడం అతని పని. ఒకసారి ఖాళీ గూడ్సు పెట్టెలో అతనికి పొన్ని అనే పిల్ల దొరుకుతుంది. ఎవరి బిడ్డో తెలియదు. అప్పటి నుంచి వెంట తిప్పుకుంటాడు. నలభై ఏడో సంచిక చివర పొన్ని వంతెన మీద నుంచి ఏట్లో పడిపోతుంది. నలభై ఎనిమిదిలో ఆమె శవం దొరుకుతుంది. ఇక నవ్వనని శెంగోడన్ ఒట్టు పెట్టుకుంటాడు. మిగిలిన అరవై రెండు సంచికలూ ఆ ఒట్టు మీదే నడుస్తాయి.

అయితే ఆ ఒక్క సంచిక గీసింది ముత్తుసామి కాదు. మిగతావన్నీ ఆయనవే. రైల్వేలో గూడ్సు పెట్టెల మీద నంబర్లు రాసే పెయింటరు ఆయన. 1996లో ఆయన కూతురు బృంద జ్వరంతో ఆసుపత్రిలో ఉంది. పదేళ్ళ పిల్ల. నెలనెలా రావాల్సిన సంచిక ఆలస్యమవుతోందని ప్రెస్ యజమాని వేరేవాళ్ళతో గీయించి అచ్చేశాడు. బృంద బతకలేదు. ఏడాది తిరిగాక ముత్తుసామి తను గీసిన నలభై ఎనిమిదిని ముప్పై కాపీలు మాత్రం వేయించి, తెలిసిన ఇళ్ళ పిల్లలకు పంచాడు. అందులో పొన్ని ఏట్లోంచి బతికి వస్తుంది. అదే అసలు కథగా ఎక్కాలని, లేకపోతే ఒప్పందం మీద సంతకం పెట్టనని ఇప్పుడు ఆయన పట్టు.

"రూల్ ఒకటే, షణ్ముగప్రియా. అంగట్లో అమ్మిందే లెక్క," అన్నాడు మా ఎడిటరు శరత్‌కుమార్. ఆయన ఇంటి భాష కూడా మాదే. ఆఫీసులో అరవమే మాట్లాడతాడు, విసుగొస్తే మాత్రం తెలుగు బయటికొస్తుంది. "ఆ తాత దగ్గరే కాపీ లేదంటాండాడు. కంటికి కనపడంది ఎట్ల వేసేది? తెచ్చి నా టేబుల్ మీద పెట్టు, వేస్తాము. శనివారం లోపల తేలకపోతే మొత్తం వదిలేస్తాము. నాకు వేరే బుక్కులుండాయి."

అన్ని సంచికలూ దాచుకున్న మనిషి మాయాండి అని పాఠకుల వాట్సాప్ గుంపులో చెప్పారు. మాట్టుతావణి మార్కెట్లో ఆయనది టమాటా మండీ. పొద్దున ఆరింటికి రమ్మన్నాడు. లారీలోంచి సరుకు దింపిస్తూనే మా తెలుగులోనే మాట్లాడాడు.

"అట్ల బుక్కే లేదు పాపా. పుకారు అది."

"వేసినాయనే చెప్తాండాడు అన్నా."

"వేసినాయన చెప్తే అయిపాయనా? చదివినోడిని నేనుండాను గదా. పొన్ని చచ్చినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఆ దినం అన్నం తినలేదు. మా అమ్మ చీపురుకట్ట ఎత్తింది. 'కాయితం పిల్లకి ఇంత ఏడుస్తాండావే, నేను చస్తే ఏడుస్తావా రా' అంది." పెద్దగా నవ్వాడు. నవ్వు ఆపి నా వైపు తిరిగాడు. "ఇప్పుడొచ్చి ఆ పిల్ల చావలేదంటే, అరవై బుక్కులు శెంగోడన్ ఎందుకు నవ్వలేదు? నేనెందుకు ఏడిచినట్టు?"

ఆఫీసు రూలు కంటే ఆయన మాటలోనే న్యాయం ఉందనిపించింది. అయినా ఒకసారి ముత్తుసామి ఇంట్లో వెతకకుండా జాబితా రాయడం తప్పు. శుక్రవారం పోదనూరు వెళ్ళాను.

పాత రైల్వే కాలనీ వెనక సందులో ఇల్లు. ముసురు పట్టింది. ముత్తుసామి పంచలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఒళ్ళో పెట్టుకున్న చేతులు రెండూ వణుకుతున్నాయి, ఇప్పుడు బొమ్మ గీయలేడు.

"వస్తివా అమ్మిణీ! దొరికిందా?"

"ఇంకా లేదు తాతా. ఇంట్లో ఒకసారి చూద్దామని వచ్చినాను."

"బీరువా అంతా దించి చూస్తిమి. లేదు. ముప్పై ఇండ్లకి ఇస్తిని గదా, ఎవరో ఒకరు పెట్టుకోనుంటారు." ముందుకు వంగాడు. "ఇంగ ఎన్ని దినాలుంటాను నేను? నా వెనక చదివేవాళ్ళు ఆ పిల్ల ఏట్లోనే పోయిందని అనుకోకూడదు. అంతే నాకు. వేరే ఏమీ వద్దు."

"యా ఊరు పిల్లవి నువ్వు?" తలుపు దగ్గర నుంచి అడిగింది ఆయన భార్య కమలమ్మాళ్.

"చిన్నమనూరు అవ్వా. మావాళ్ళకి ద్రాక్షతోటల్లో పని."

"ఆఫీసు పిల్ల అంటే అరవం, ఇంగ్లీషు అనుకుంటిని. మన మాటే మాట్లాడతావే! కాళ్ళు కడుక్కోని లోపలికి రా. ఈ మనిషి దగ్గర కూకుంటే గూడ్సుకి నంబరేసినట్టు ఒకటే మళ్ళీ మళ్ళీ చెప్తాడు."

"నీకేమి తెలుసే? ఒక బుక్కన్నా తిరగేసిండావా?"

"తిరగేసినాను, తిరగేసినాను," అంటూ ఆమె లోపలికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

వెనక గదిలో, గూట్లో, పసుపు కుంకుమ పెట్టిన రేకు పెట్టె ఉంది. అదేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్ళి కాకుండా పోయిన ఆడపిల్లను మాలో కన్ని దేవతగా ఇంట్లో నిలుపుకుంటారు. ఏటేటా ఆ పెట్టెలో కొత్త పావడ, గాజులు పెట్టి, పాతవి ఏ పిల్లకో ఇస్తారు. మగవాళ్ళు దాన్ని ముట్టరు.

కమలమ్మాళ్ దండం పెట్టి మూత తీసింది. ఆకుపచ్చ పావడ, రిబ్బన్లు, కాటుక డబ్బీ. అన్నిటికీ అడుగున ముత్తుసామి గీసిన నలభై ఎనిమిది.

నేను చేతులు తుడుచుకుని అందుకున్నాను. ముప్పై రెండు పేజీలు. ఈ పొన్నికి ముందుపళ్ళ మధ్య సందు ఉంది, వేరే ఏ సంచికలోనూ లేనిది. చివరి పేజీలో శెంగోడన్ ఆమెను భుజాన వేసుకుని గట్టెక్కుతాడు. ఎప్పుడూ అతన్ని "గార్డయ్యా" అని పిలిచే పిల్ల ఇక్కడ "నాయనా" అంటుంది. తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు మాట.

"ముప్పై ఇండ్లకీ నేనే పోతిని," అంది కమలమ్మాళ్, పంచ వైపు చూసి గొంతు తగ్గిస్తూ. "మా కన్నికి పెట్టాల, తిరిగి ఇయ్యండి అని అడిగి తెస్తిని. వెన్నీళ్ళ పొయ్యిలో వేస్తిని. ఒకటి మాత్రం వేయలేకపోతిని. దాంట్లో నా బిడ్డ మొగముండాది గదా."

"ఎందుకవ్వా?"

"పదకొండు దినాలు ఆసుపత్రిలో నేనుంటిని. ఎత్తి కూకోబెట్టేది నేను, తుడిచేది నేను, ఊపిరాడతాండాదా అని చూసేది నేను. అది పోయినాక ఈయన ఇంట్లో కూకోని బొమ్మలో బతికించినాడు. తప్పనలేదు అమ్మిణీ. ఆయన ఏడ్చే దోవ అది." పుస్తకం వైపు చెయ్యి చూపింది. "నాకు చదువు రాదు. నువ్వు చదివిన పిల్లవి. ఇందులో ఆ పిల్లకి అమ్మ ఏది? చూపించు."

ఫోటోలు తీయడానికి ఫోను అప్పటికే నా చేతిలో ఉంది. పేజీలు తిప్పాను. వంతెన, ఏరు, చేపలు పట్టేవాడు, గార్డు, పిల్ల. ఒక్క ఆడమనిషి లేదు. మొదటి నుంచి మళ్ళీ తిప్పాను.

"లేదు గదా," అంది. "గూడ్సు పెట్టెలో దొరికిన పిల్ల. ఇదే నిజమని మీరు అచ్చేస్తే, నా బిడ్డ అమ్మ లేకుండానే బతికొస్తాది. నాకు వద్దు. చచ్చిపోయిన పిల్లకి నేను అమ్మ."

ఆమె నన్ను బతిమాలలేదు, ఒట్టు వేయించుకోలేదు. బయటికి తీసుకుపోయి ముసలాయన చేతిలో పెట్టవచ్చు నేను. నా ఉద్యోగం ప్రకారం అదే చేయాలి. ఫోను సంచిలో వేసుకుని పుస్తకం ఆమెకే ఇచ్చాను. ఆమె దాన్ని పావడ కింద సర్ది మూత వేసింది.

పంచలోకి వచ్చేసరికి ముత్తుసామి తలుపు వైపే చూస్తున్నాడు.

"దొరకలేదు తాతా."

"లోపలంతా చూస్తివా?"

"చూస్తిని."

"అయితే పొన్ని పోయినట్టేనా?"

"అంగట్లో అమ్మిందే లెక్క తాతా," అన్నాను. అబద్ధం ఆడాక పట్టుకోవడానికి నాకు ఆ రూలే దొరికింది.

"శరి. బుక్కు లేకుండా నా మాట ఎవరు నమ్ముతారు? మిగిలిందన్నా రానీ."

ఆయన ఎదుటే జాబితాలో రాశాను: నలభై ఎనిమిదో సంచిక ఒక్కటే. వేరొకటి ఉన్నట్టు ఆధారం దొరకలేదు. ఆయన చదవమన్నాడు. చదివాను. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి.

"ముప్పై ఇండ్లు," అన్నాడు పెన్ను పట్టుకునే. "కర్పగానికి నా చేత్తో ఇస్తిని. లక్ష్మమ్మాళ్ మనవరాలికి ఇస్తిని. ఆండి పిల్లలిద్దరికీ ఒకటి ఇస్తిని. నా బిడ్డ పేరు చెప్పి ఇచ్చింది, ఒక్కరన్నా పెట్టుకోలేదే! చించి పారేసిండారు." "ఆదివారం కర్పగం కొత్త ఇంట్లో పాలు కాస్తాండాది. రమ్మని మొన్న వచ్చి పిలిచి పోయింది. పోను నేను. ఆ ముప్పై గడపల్లో యా గడపా ఇంగ తొక్కను."

కమలమ్మాళ్ కాఫీ గ్లాసులతో తలుపు దగ్గర ఆగిపోయింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. తరవాత వచ్చి ఆయన పక్కన గ్లాసు పెట్టింది.

"ఆరిపోతాది, తాగు," అంది.

ఆయన తాగలేదు. తక్కిన పేర్లు చెప్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళయినా ఒక్కటీ మరిచిపోలేదు. పేరు చెప్పినప్పుడల్లా ఒక వేలు మడుస్తున్నాడు. కమలమ్మాళ్ ద్వారబంధానికి ఆనుకుని, తను అడిగి తెచ్చుకున్న ఇళ్ళన్నీ వింటూ నిలబడింది. ముప్పయ్యో పేరు అయ్యేదాకా నేను ఫైలు మూయలేదు.