బండి చక్రానికి చోటు

వెర్నాకు చెమట పట్టడం ఆగిపోయింది. అది గమనించి రోవెనా ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. అత్తగారి ఒళ్లు పెనంలా కాలుతోంది, చుక్క తడి లేదు. పిలిస్తే పలకడం లేదు. సీసాలో నాలుగు గుక్కల నీళ్లున్నాయి.

కారు ముందు ఇరుసు విరిగి మూడు గంటలైంది. ఫోన్లకు సిగ్నల్ లేదు. పాడుబడ్డ గనుల ఊరు కాపర్ లిల్లీ ఇంకా ఆరు మైళ్లు. కలప దొరకని కాలంలో ఖాళీ బీరు సీసాలతో కట్టిన ఇల్లొకటి అక్కడుంది. డెబ్బై ఎనిమిదో పుట్టినరోజుకు దాన్ని చూడాలని వెర్నా ముచ్చటపడింది. నెవాడా మట్టిరోడ్ల మీద ఇలాంటి ఊళ్లు వెతుక్కుంటూ తిరగడం ఆ ఇంట్లో ఏటా ఉన్నదే. దారి ఎంచేది రోవెనా మొగుడు గ్లెన్. మిగతాదంతా రోవెనాది: సాండ్‌విచ్‌లు, మ్యాపులు, అత్తగారి మాత్రలు, మనిషికి రోజుకో గాలన్ లెక్కన రెండు రోజులకు ఆరు డబ్బాల నీళ్లు.

ఆ డబ్బాల చోట ఇప్పుడు గుర్రబ్బండి చక్రం ఉంది. ఇంటి ముందు గడ్డిలో నిలబెడతానని పొద్దున పాతసామాన్ల కొట్లో గ్లెన్ కొన్నాడు. ఇరుసు విరిగాక డిక్కీ తెరిచి చూసి, "నీళ్లు చూసుకోవద్దూ నువ్వు? సామాను నీ పని కదా" అన్నాడు. అప్పటికింకా వెర్నాకు మాట పడిపోలేదు. ఎడారిలో కాపురం చేస్తూ నీళ్లు మరిచే ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నానంది. రోవెనా ఇద్దరికీ సారీ చెప్పింది. అది పదిహేడేళ్ల అలవాటు. తను పనిచేసే స్కూలు ఆఫీసులో ప్రిన్సిపాల్ కాగితం పారేసుకున్నా సారీ చెప్పేది ఆమే.

కానీ ఈసారి ఆ సారీలో ఎవరికీ తెలియని నిజం ఉంది. కొట్టు ముందు నుంచి కారు కదిలినప్పుడు పక్క అద్దంలో ఆమె చూసింది. అరుగు మీద ఆరు నీలం డబ్బాలు వరసగా ఉన్నాయి. నోరు తెరిచింది కూడా. పోయినేడు దారి తప్పామని చెప్పినందుకు గ్లెన్ రెండొందల మైళ్లు మాట్లాడకపోవడం గుర్తొచ్చింది. "వాడి సెలవు పాడు చెయ్యకు తల్లీ" అని అత్తగారు అనడమూ గుర్తొచ్చింది. పెట్రోలు బంకులో కొనుక్కుందాంలే అనుకుంది. గ్లెన్ బంకు దగ్గర ఆపలేదు. అప్పుడూ ఆమె ఆపమనలేదు. అతని మొహం ముడుచుకోకుండా చూసుకోవడానికి ఒక ముసలి ప్రాణాన్ని పణంగా పెట్టింది.

రోవెనా స్కార్ఫ్ తడిపి వెర్నా మెడ మీద, చంకల్లో అద్దడం మొదలుపెట్టింది.

"పారబొయ్యకు, తాగించు" అన్నాడు గ్లెన్.

"స్పృహ లేదు. పొలమారుతుంది. నువ్వు మ్యాపుతో విసురు." పెళ్లయ్యాక అతనికి ఆమె పని పురమాయించడం అదే మొదలు. అతను విసిరాడు.

నాలుగింటికి దూరాన బండి దుమ్ము లేచింది. వచ్చింది డెల్ఫా. అరవై దాటిన మనిషి, ఎడారిలో చిక్కుకున్నవాళ్లను వెతికే రక్షక దళంలో వాలంటీరు. తారురోడ్డు ఆగిపోయే చోట రేకు పెట్టెలో ఒక పుస్తకముంటుంది. లోపలికి వెళ్లేవాళ్లు పేర్లూ, తిరిగొచ్చే వేళా రాయాలి. పొద్దున రోవెనా దిగి రెండింటికని రాసింది. ఆ వేళ దాటినా రాలేదని డెల్ఫా వెతుక్కుంటూ వచ్చింది. ఐసు పెట్టింది, రేడియోలో హెలికాప్టరును పిలిచింది. ఇరవై నిమిషాలకు వెర్నా కళ్లు తెరిచి, ఐసు తియ్యమని విసుక్కుంది.

డెల్ఫా వెంట తెచ్చిన ఆ పుస్తకం తెరిచింది. చిక్కుకున్నవాళ్ల సంగతి అదే పేజీలో రాయడం అక్కడి పద్ధతి. తరవాత వచ్చేవాళ్లు చదివి జాగ్రత్తపడాలని.

"నీళ్లెందుకు లేవు?"

"మా ఆవిడ సర్దడంలో చిన్న పొరపాటు" అన్నాడు గ్లెన్, నొచ్చుకున్నట్టు నవ్వుతూ.

పెన్ను కదిలింది. సారీ అన్న మాట రోవెనా నాలుక చివరిదాకా వచ్చింది. అత్తగారి వైపు చూసింది. వెర్నా ఆమెనే చూస్తోంది.

"అది కొట్టెయ్యండి" అంది రోవెనా. "చక్రం కోసం నీళ్లు దించేసింది నా మొగుడు గ్లెన్. అది కళ్లారా చూసి, అతనికి కోపమొస్తుందని నోరు మూసుకున్నది నేను, రోవెనాని. రెండు పేర్లూ రాయండి."