పెరటాసి మాత్రలు

కుక్క ముందుకాలి మీద వెంట్రుకలు గొరిగి, దూదితో తుడిచి, నరం పైకి తేలేట్టు బొటనవేలితో అదిమి పట్టి, చిన్నబ్బ తన చిరుతపులి కథ ఎత్తుకున్నాడు.

"అలిపిరి మెట్ల కాడ కూసోనుండె అప్పా, ఇంత చిరుత! మా కుక్క బెల్లం ఒక్క అరుపు అరిసింది. అంతే, అది కరకంబాడి దాకా పరిగెత్తి, ఆడ ఆటో ఎక్కేసింది!"

కుక్కను తెచ్చిన బుడేన్ సాహెబ్ పకపకా నవ్వాడు. యజమాని నవ్వు చూసి కుక్క తోకాడించింది. ఆ సందులోనే డాక్టర్ అమల సూది గుచ్చి రక్తం తీసేసింది. తిరుపతిలోని ఆ చిన్న కుక్కల ఆసుపత్రిలో ఇరవయ్యేళ్లుగా చిన్నబ్బ పని ఇదే. చేతులతో కుక్కను పట్టుకోవాలి, మాటలతో మనిషిని పట్టుకోవాలి. అతని ముంజేతుల నిండా పాత గోటిగీరలు. ఎంత ఉతికినా చొక్కాకు ఫినాయిలు వాసన పోదు.

పరీక్ష పట్టీ మీద ఒక గీతే వచ్చింది. రెండు వస్తే గుండెలో పురుగులున్నట్టు.

"దోమ కుడితే వస్తాయప్పా. సేమ్యా మాదిరి గుండెకాయలో పెరగతాయి. నెలకొక మాత్ర, ఒక్క నెల గూడా..." ఈ మాట రోజుకు పదిమందికి చెప్పే చిన్నబ్బ, ఇవాళ సగంలోనే మింగేశాడు. బెంచీ కింద గోనెపట్టా మీద అతని సొంత కుక్క బెల్లం దగ్గుతూ పడుకుని ఉంది.

దాని వంతు వచ్చింది. పక్కటెముకలు బయటికొచ్చాయి, పొట్ట మాత్రం నీళ్లు నింపినట్టు ఉబ్బింది. దాని కాలు పట్టుకున్నప్పుడు చిన్నబ్బ ఏ కథా చెప్పలేదు.

రెండో గీత మొదటిదానికంటే ముందే తేలింది.

"నెలనెలా మాత్ర ఇస్తూనే ఉన్నానే చిన్నబ్బా! ఎప్పుడైనా తప్పిందా?" అంది డాక్టరు.

"లేదు మేడమ్." అలవాటుపడ్డ నోరు దానంతటదే అనేసింది.

కార్జం ముక్కలో దాచిపెడితే తప్ప బెల్లం మాత్ర మింగదు. వెంకన్నకు మొక్కే పెరటాసి నెలలో ఇంట్లోకి నీసు రాదు. కార్తీకంలోనూ అంతే. వానలు పడేదీ, దోమలు ముసిరేదీ ఆ రెండు నెలల్లోనే. మొదటి ఏడు పెరుగన్నంలో పెట్టి చూశాడు. అది ఊసేసింది. ఏడుకొండలవాడే చూసుకుంటాడులే అని మాత్రను చిన్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆ మీదట ఏటా రెండు మాత్రలు నేరుగా డబ్బాలోకే. ఏడాదికోసారి టెస్టుకు తెమ్మని డాక్టరు అడిగినప్పుడల్లా, "చిరుతను తరిమిన కుక్కకు టెస్టేంది మేడమ్!" అని నవ్వించి తప్పించుకునేవాడు. టెస్టు తన గుట్టు బయటపెడుతుందని భయం.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలింది. "అయితే మందే పనిచెయ్యలేదేమో."

బుడేన్ సాహెబ్ చేతిలోని మాత్రను బల్ల మీద పెట్టేశాడు. "మీ మనిషి కుక్కకే పన్జెయ్యనప్పుడు నాకెందుకు మేడమ్ ఇది? రారా, పోదాం పా!" అని కుక్క గొలుసు పట్టుకుని లేచాడు.

చిన్నబ్బ వాకిలికి అడ్డం నిలబడ్డాడు. పొద్దున ఎందుకు జేబులో వేసుకున్నాడో తనకే తెలియని ఆ డబ్బా తీసి, మూత విప్పి, బల్ల మీద పెట్టాడు. ఎనిమిది మాత్రలు. ఒకటి తప్ప అన్నీ కాగితం విప్పనివే.

"మందు మంచిదే సాయిబూ. నేనే ఎయ్యలేదు." తల ఎత్తకుండానే డాక్టరుతో అన్నాడు. "ఒకతూరి ఊసేసింది మేడమ్. రెండోతూరి నేను పెట్టిందే లేదు. మీకు మాత్రం ఏసినా ఏసినా అని చెప్పినాను. నాలుగేండ్లు."

"మరి చిరుత?" బుడేన్ సాహెబ్ మెల్లగా అడిగాడు.

"చిరుతా లేదు, ఏం లేదు. పిల్లిని సూసినా నా కాళ్ల సందున దూరేది."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ తిట్ల చాటునైనా కాసేపు నిలబడేవాడు. బుడేన్ సాహెబ్ మాత్రను తిరిగి తీసుకుని, జేబులో వేసుకుని, చిన్నబ్బ మొహం చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు.

డాక్టరు కింద కూర్చుని బెల్లం గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "వైద్యం తట్టుకునే బలం లేదు చిన్నబ్బా. ఇంకెంతోసేపు ఉండదు. దగ్గర కూర్చో."

గోనెపట్టా పక్కన కూర్చుని, గొరిగిన చోట కాలు పట్టుకున్నాడు. బొటనవేలు అలవాటుగా నరాన్ని అదిమింది. బెల్లం తోక ఒకసారి నేలకు తాకింది. బయట ఎవరిదో కుక్క మొరిగింది, ఎవరో ఎవరినో పిలిచారు. దగ్గు ఆగిపోయింది. వేలి కింద నరం మళ్లీ తేలలేదు.

గోనెపట్టాతో సహా దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుని చిన్నబ్బ మెట్లు దిగిపోయాడు.

బల్ల మీద డబ్బా తెరిచే ఉంది. కాగితం విప్పిన ఆ ఒక్క మాత్రకు, నాలుగేళ్ల కిందటి పెరుగన్నం మెతుకు ఎండిపోయి ఇంకా అతుక్కునే ఉంది.