మూగబోయిన స్కోర్‌కార్డు

శనివారం పొద్దున్న కాఫీ అయ్యాక కేశవరావు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, మేడ మీద గదిలో సొరుగులు తెరుస్తాడు. పాత ఆటల టికెట్ ముక్కలు, స్టేడియంలో అమ్మిన చిన్న పుస్తకాలు, ఎవరో పెన్సిల్‌తో నింపుకున్న స్కోర్‌కార్డులు, అన్నీ కలిపి నాలుగు వందల పన్నెండు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇల్లు కొన్న పదిహేనేళ్లలో ఆ లెక్క తప్పింది లేదు, ఆయన అనుమానం తగ్గిందీ లేదు. క్లీనింగ్‌కి వచ్చే ఆవిడ మీద, పార్సిల్ తెచ్చే మనిషి మీద, ఆఖరికి భోజనానికి వచ్చి మాట్లాడకుండా తిని వెళ్లే బావమరిది రామమోహన్ మీద కూడా ఓ కన్ను వేసే ఉంచేవాడు.

ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చెవికి ఆనించుకుంటే ఆ కాగితాలు పలికేవి. ఏ ఆటదైతే ఆ ఆట చూసిన జనం గొంతులు, ఈలలు, వేరుశెనక్కాయలు అమ్మేవాడి కేక. పాత కాగితమన్నాక పలకదా అన్నట్టు ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. పక్కింటాయన ఒక్కసారే ఫిర్యాదు చేశాడు, అదీ తన జట్టు ఓడిన ఆట వినబడినప్పుడు. నకిలీవి మాత్రం పలకవు. అందుకే కేశవరావు ఏది కొన్నా ముందు చెవికి పెట్టుకుని చూసేవాడు.

అన్నిట్లోకీ ఆయనకు ప్రాణం 1948 నాటి ఒక స్కోర్‌కార్డు. టెక్సస్‌లో ఓ చిన్న ఊరి బేస్‌బాల్ జట్టు ఆడిన ఆఖరి ఆటది. మీగడ రంగు దళసరి కాగితం, మధ్యకి మడిచి ఉంటుంది.

కూతురు కృతికి పెళ్లి కుదిరింది. అబ్బాయి తేజేశ్వర్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, దగ్గర్లోనే లాస్ కొలీనాస్‌లో ఉద్యోగం, పైగా వాడికీ ఈ కాగితాల పిచ్చి ఉంది. ఇంకో మామగారైతే పొంగిపోయేవాడు. ఈయనకి అదే గుచ్చుకుంది. తన దగ్గరున్నవాటి విలువ తెలిసినవాడు ఇంట్లో అడుగుపెట్టబోతున్నాడు.

అయినా గొప్ప చూపించుకోకుండా ఉండలేడు కదా. ఆదివారం అబ్బాయి భోజనానికి వస్తే తనే ఆ కార్డుని కిందికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. తేజేశ్వర్ కళ్లు మూసుకుని పది నిమిషాలు విన్నాడు. ఎక్కడ దొరికిందని రెండుసార్లు అడిగాడు. ఆ రెండోసారిని కేశవరావు మనసులో రాసిపెట్టుకున్నాడు.

తర్వాతి శనివారం కార్డు తీసి చెవికి పెట్టుకుంటే చప్పుడు లేదు. రెండో చెవికి పెట్టుకున్నాడు. లేదు. భూతద్దం తెచ్చి చూస్తే నాలుగు మూలలా లేత పసుపు మరకలు. కొత్త కాగితాన్ని పాతదిగా చూపించడానికి నకిలీగాళ్లు టీలో ముంచుతారని ఆయనకు తెలుసు. అసలుది పట్టుకుపోయి దీన్ని పెట్టాడన్నమాట.

గదికి తాళం వేసి తేజేశ్వర్‌కి ఫోన్ చేశాడు. రుజువు తన దగ్గరుందనీ, మర్యాదగా తెచ్చి ఇస్తే ఎవరికీ చెప్పననీ అన్నాడు. తేజేశ్వర్ ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రానికి కృతి డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది.

"నాన్నా, నువ్వు తేజ్‌ని దొంగ అన్నావ్. సారీ చెప్పు."

కార్డు తిరిగొస్తే గానీ ఆ పెళ్లి గడప తొక్కనన్నాడు కేశవరావు.

"ఓకే. వెడ్డింగ్ డేట్ చేంజ్ అవ్వదు. నువ్వు రాకపోతే రాకు." కారు తాళాలు తీసుకుని కృతి మెట్లు దిగిపోయింది. కారు వెళ్లిపోయిన చప్పుడు విని కూడా ఆయన కిందికి దిగలేదు.

మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజు భార్య శాంతి పైకి వచ్చి, ఆ రుజువేదో నాకూ చూపించండని పట్టుబట్టింది. భూతద్దంలోంచి చూసి తల పైకెత్తింది.

"టీ ఏంటండీ, ఇది నేను పెట్టిన పసుపు."

హైదరాబాద్‌లో అచ్చువేయించిన శుభలేఖలు ఆ ఆదివారమే వచ్చాయి. అబ్బాయి వెళ్లాక ఆవిడ ఫోన్‌లో వదినతో మాట్లాడుతూ, తడిపిన పసుపు గిన్నె పక్కన పెట్టుకుని, కట్టల కొద్దీ కార్డుల మూలలకి అద్దుకుంటూ పోయింది. ఈయన టేబుల్ మీదే మర్చిపోయిన స్కోర్‌కార్డు ఆ వరుసలో కలిసిపోయింది. మర్నాడు సర్దుతూ ఇదేదో ఆయనదని కవర్లో దూర్చి సొరుగులో పెట్టింది, అంతే.

సిగ్గుతో కేశవరావు చెవులు వేడెక్కాయి. మరి ఎందుకు పలకడం లేదని గొణిగాడు. శాంతి కార్డుని చెవికి పెట్టుకుంది.

"పసుపు పెట్టాక ఇది శుభలేఖే కదా. పాతవాళ్లు లేచి వెళ్లిపోయినట్టున్నారు. ఇప్పుడు పెళ్లికి మనవాళ్లు వస్తున్నారు." వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పి ఆయన చేతిలో పెట్టింది.

కుర్చీలు జరుపుతున్న చప్పుడు. సన్నాయి. ఎవరి పాపో ఏడుస్తోంది. కొబ్బరికాయలు ఎక్కడ పెట్టారని శాంతి గొంతే ఎవరినో కసురుతోంది. తర్వాత పురోహితుడు, అమ్మాయి తండ్రిగారు రావాలి అన్నాడు. కాసేపు ఎవరూ పలకలేదు. అప్పుడు ఎవరో గొంతు సవరించుకున్నారు.

"బావగారు రాలేదండీ. నేనే కూర్చుంటాను."

అది రామమోహన్ గొంతు. కేశవరావు చెవి దగ్గర్నించి కార్డు దించేశాడు. కృతి కాళ్లకి మొదటి బూట్లు తొడిగింది తను, రేపు దాని చెయ్యి పట్టి అప్పగించేది ఇంకొకడు. ఆయనకు ఏడుపొచ్చింది, శాంతి చూస్తుండగానే ఏడ్చాడు.

గంట తర్వాత కార్డు పట్టుకుని, ఆఫీసుల ట్రాఫిక్‌లో పడి తేజేశ్వర్ అపార్ట్‌మెంట్‌కి చేరాడు. తలుపు తీసినవాడు లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాది బాబూ. ఆ కార్డుకి పసుపు పెట్టింది మీ ఆంటీ, టేబుల్ మీద పారేసింది నేను. ఏది పోయినా నిన్నే అనుమానించేవాణ్ణి, నువ్వు వచ్చిన రోజు నుంచీ. నన్ను పెళ్లికి రానివ్వు."

తేజేశ్వర్ చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. ఈయన మాట నమ్మొచ్చా అని ఇప్పుడు వాడి వంతు. చివరికి చెయ్యి చాపాడు. కేశవరావు కార్డు ఇచ్చాడు. వాడు కళ్లు మూసుకుని విన్నాడు.

"అమ్మాయి ఫాదర్‌ని పిలుస్తున్నారు అంకుల్."

"ఎవరు పలికారు?" కేశవరావు భయంభయంగా అడిగాడు.

తేజేశ్వర్ కార్డు వెనక్కిచ్చి, తలుపు బార్లా తీసి పక్కకి జరిగాడు. కేశవరావు గడప మీదే నిలబడి చెవికి ఆనించుకున్నాడు. సన్నాయి ఆగింది. పురోహితుడు రెండోసారి పిలిచాడు. జనం మధ్యలోంచి ఎవరో ఆయాసపడుతూ, "ఇక్కడే ఉన్నానండీ, వస్తున్నా" అన్నారు. కేశవరావు అనుమానం కొద్దీ మరోసారి విన్నాడు. ఆ గొంతు తనదే.