అన్న వాటా గాలి

పటమటలో తండ్రి కట్టిన ఇంటిని శౌరయ్య, సంజీవరావు పంచుకున్నారు. గదుల మధ్య గోడ లేచింది, డాబా మీద సున్నంతో గీత పడింది. గాలిని మాత్రం ఎవరూ పంచలేదు. అందుకు పంపకం చేసిన పెద్దమనుషుల్ని తప్పుపట్టలేం. డెబ్బై నాలుగులో పటమటలో గాలితో ఎవరికి పని?

పని పడింది తమ్ముడు సంజీవరావుకే. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. లైసెన్సు తీసుకుని ఇంట్లోంచే దేశదేశాల వాళ్ళతో వైర్‌లెస్‌లో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి. ఇన్నాళ్ళూ కొబ్బరిచెట్టుకు కట్టిన తీగతో నెట్టుకొచ్చి, ఇప్పుడు అల్యూమినియం గొట్టాలతో బీమ్ ఏంటెనా తయారుచేశాడు. ఎటు తిప్పితే అటువైపు దేశాలు పలుకుతాయి. కానీ తిరగాలంటే ముప్ఫై అడుగుల పైచిలుకు గొట్టం అన్న వాటా మీదుగా పోవాలి. పంపకాలప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అయినా పరువు చంపుకుని వెళ్ళి అడిగాడు. శౌరయ్య పేపరులోంచి తల ఎత్తకుండానే, గాలే కదా తిప్పుకో, నా వస్తువు మీద చెయ్యి పడితే మాత్రం ఊరుకోను అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే సంజీవరావు పనిలోకి దిగాడు. తోడు యాసిన్. బెంజ్ సర్కిల్ దగ్గర అతనికి బట్టల కొట్టుంది, తనూ హామే. పైకి ఎక్కించాక సరిచేయడం కుదరదు కాబట్టి ఏంటెనాను డాబా మీదే, ముక్కు ఆకాశానికి పెట్టి నిలబెట్టారు. మీటరులో ముల్లు సున్నాకు దిగితే పంపిన శక్తంతా గాలిలోకి పోతున్నట్టు. లేస్తే వెనక్కి తన్నుతున్నట్టు. ముల్లు దిగనంది. గొట్టాలు పొడుగు చేశారు, పొట్టి చేశారు. ఎండ మాడ్చేస్తోంది, ముల్లు మొండికేసింది.

అప్పుడు శౌరయ్య భార్య అమలమ్మ బకెట్టుతో వచ్చి, గీత అవతల తన దండెం తీగ మీద తడి బట్టలు ఆరేసింది. ముల్లు కాస్త కదిలింది. లేదా కదిలినట్టు సంజీవరావుకు కనిపించింది. అంతే, పక్కనున్న ఆ ఇనుప తీగే ఏంటెనాను చెడగొడుతోంది, దొంగ దొరికిపోయాడనుకున్నాడు.

"వదినా, ఆ తీగ ఓ గంట విప్పండి."

"నీ గొట్టాల కోసం నేను బట్టలు ఆరేసుకోవడం మానాలా? విప్పను," అని ఆవిడ దిగిపోయింది.

సంజీవరావుకు ఒళ్ళు మండింది. పంపకాల్లో అమ్మ టేకు బీరువా ఈవిడే పట్టుకుపోయిన సంగతి కూడా అప్పుడే గుర్తుకొచ్చింది. యాసిన్ వద్దంటున్నా గీత దాటి, కటింగ్ ప్లేయరుతో తీగ తెంపేశాడు. వదిన చీరలు, అన్న తెల్ల చొక్కాలు దుమ్ములో పడ్డాయి.

ముల్లు కదల్లేదు.

విసవిసా వెనక్కి వస్తుంటే ఏంటెనా పక్కన పడుకోబెట్టిన ఇనుప పైపు కాలికి తగిలింది. ఏంటెనాను నిలబెట్టబోయే స్తంభమే అది. పైపు దొర్లుకుంటూ పిట్టగోడ దాకా పోయింది. ముల్లు జారి సున్నా దగ్గర కూర్చుంది. పొద్దుటి నుంచీ చెడగొడుతున్నది తన ఇనుమే.

"వెళ్ళి వదినకి ఒక్క మాట చెప్పు, తప్పు తీగది కాదని," అన్నాడు యాసిన్.

"నేనెందుకు చెప్పాలి? మర్యాదగానే అడిగాను గదా."

లోపల సిగ్గుగానే ఉంది. అది నోట్లోంచి వచ్చేసరికి పొగరైంది.

సాయంత్రానికి స్తంభం లేచింది. చీకటి పడటంతో తిప్పి చూడటం మర్నాటికి వాయిదా వేశారు. మర్నాడు సంజీవరావు ఆఫీసు నుంచి వచ్చి డాబా ఎక్కితే, గీతకు జానెడు అవతల కొత్త సరుగుడు కర్ర నిలబడి ఉంది. దానికి చేతికందే ఎత్తున కొత్త దండెం, మళ్ళీ ఉతికిన చీరలు. కర్ర మాత్రం దండెంతో ఆగకుండా ఏంటెనాను దాటి పైకి పోయింది. కర్రను పిట్టగోడకు కట్టిన తాడును శౌరయ్య బిగిస్తున్నాడు.

సంజీవరావు ఏంటెనాను తిప్పాడు. గొట్టం కర్రకు తగిలి ఆగిపోయింది. రెండోవైపు తిప్పాడు. అటూ అంతే.

"అన్నయ్యా, తప్పు తీగది కాదు. నా పైపుది."

"తెలుసు. నిన్ననే యాసిన్ వచ్చి చెప్పాడు," అన్నాడు శౌరయ్య. "నువ్వొచ్చి చెబుతావేమోనని ఇందాకటి దాకా కర్ర లేపకుండా చూశాను."

ముడి ఇంకోసారి లాగి, కిందికి దిగిపోయాడు. ఏంటెనా ముక్కు పక్కూరు కంకిపాడు వైపే ఉండిపోయింది.