గాడిలో బిగిసిన పట్టీ

మూడోసారి కూడా మిషన్ అక్కడే ఆగింది. సీసాలు నింపే మిషన్‌లో ముందుకీ వెనక్కీ నడిచే బల్ల ఒకటుంటుంది. దాని కింద నేను కోసి చేసిన నైలాన్ పట్టీలు స్టీలు గాడిలో జారుతుంటాయి. బిగించిన రోజు వెన్నలా జారతాయి. రెండు మూడు వారాలు తిరిగేసరికి గాడిలో బిగుసుకుపోతాయి. సుత్తి పెట్టి కొడితే గానీ ఊడిరావు.

ఇరవై ఆరేళ్లుగా ఈ వర్క్‌షాపులో ఉన్నవాణ్ణి. నా కొలత తప్పదు. మరి తప్పెవరిది? సరుకుది. సరుకు ఇచ్చేదెవరు? స్టోరులో కూర్చునే మా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి మొగుడు. వాడికి ఆ ఉద్యోగం ఇప్పించిందీ నేనే, నా ఖర్మ!

రెండోసారి ఆగినప్పుడే వచ్చాడు. "అన్నయ్యా, రోజూ నీళ్లు కొట్టి కడిగేచోట నైలాన్ వద్దేమో. ఎసిటాల్ అని ఇంకో ప్లాస్టిక్ ఉంది. తెప్పించనా?"

"చీటీలు రాసుకునేవాడివి, నాకు పాఠాలు చెబుతావా?"

నిమ్మకు నీరెత్తినట్టు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వంటేనే నాకు ఒళ్లు మంట. ఆ ఎసిటాల్ అమ్మేవాడెవడో వీడి చెయ్యి తడిపాడని అప్పుడే అనుకున్నాను.

అందుకే మూడోసారి జాగ్రత్త పడ్డాను. వాడిచ్చిన నైలాన్‌లో చిన్న ముక్క కాల్చి చూశాను. వెంట్రుకలు కాలిన వాసన. అసలు సరుకే. కోసిన ప్రతి పట్టీ అడుగునా ఎవరికీ తెలియకుండా ఆకురాయితో ఒక గీత పెట్టాను. మిషన్ ఆగాక ఊడదీసి చూస్తే గీత ఉంది. కొలిస్తే మాత్రం నేను కోసినదానికంటే వెంట్రుకవాసి లావు! అంటే నా గీత చూసి, అలాంటిదే పెట్టి, పట్టీలే మార్చేశాడన్నమాట. ఎంత గడుసువాడు!

పొద్దున్నే మా ఆవిడతో అన్నాను, ఇవాళ వాడి సంగతి తేలుస్తానని.

"మీకు ముక్కు మీదే కోపం. చెల్లికి నెలలు నిండాయి. ఇప్పుడు వాళ్ల పొట్ట కొట్టకండి," అంది.

వినలేదు. మేనేజరు దగ్గరికెళ్లి అంతా చెప్పాను. "సాయంత్రానికల్లా పనిలోంచి పంపించేస్తాను," అన్నాడాయన. కడుపు చల్లబడింది.

మధ్యాహ్నం భోజనానికి ముందు చేతులు కడుక్కుందామని లేతు పక్కనున్న బకెట్‌లో చెయ్యి పెడితే, అడుగున ఏదో తగిలింది. నైలాన్ పట్టీ. ఈసారి కోసినవాటిలో ఒకటి ఎక్కువ చేసి బెంచీ చివర పెట్టాను. ఎక్కడ పోయిందా అని అప్పట్లో తెగ వెతికాను కూడా. జారి ఇందులో పడిందన్నమాట. అడుగున నా గీత. దీని జోలికి ఎవడూ రాలేదు. కాలిపర్ పెట్టాను. వెంట్రుకవాసి లావు.

మళ్లీ కొలిచాను. చొక్కాకి తుడిచి ఇంకోసారి కొలిచాను. ఓరి దేవుడా! నైలాన్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. గాలి చొరడానికి కూడా సందు వదలకుండా బిగువుగా కోయడమే పనితనమని ఇన్నేళ్లూ మురిసిపోయాను.

స్టోరుకి పరుగెత్తాను. మా తోడల్లుడు తన టిఫిన్ డబ్బా, కళ్లజోడు సంచిలో పెట్టుకుంటున్నాడు. సాయంత్రం దాకా కూడా ఆగలేదు మేనేజరు.

"అన్నయ్యా, ఎవరో నా మీద చెప్పారట," అన్నాడు. ఎవరని అడగలేదు. బల్ల మీదున్న తెల్లటి కడ్డీ నా వైపు జరిపాడు. "ఎసిటాల్ శాంపిల్ తెప్పించా. ఇది నీళ్లు పెద్దగా పీల్చదు. ఒకసారి కోసి చూడు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాడి చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి లాక్కెళ్లి, తడి పట్టీ టేబుల్ మీద పెట్టాను.

"వీడు ముందే చెప్పాడు సార్. నేనే వినలేదు. తప్పు నాది."

మేనేజరు పట్టీని చూసి, నన్ను చూశాడు. "మిషన్ మూడుసార్లు ఆగింది. ఎవరో ఒకర్ని పంపించానని పైవాళ్లకి చెప్పేశాను. ఇప్పుడు ఎవర్ని పంపమంటావు?"

"అన్నయ్యా, వద్దు," అన్నాడు మా తోడల్లుడు వెనక నుంచి.

ఇరవై ఆరేళ్లుగా నాతో ఉన్న కాలిపర్‌ని జేబులోంచి తీసి ఆ పట్టీ పక్కన పెట్టేశాను.